గ్రాట్స్ నగరపు ఆయుధశాల

ఆస్ట్రియా దేశమున ఆగ్నేయ భాగమందు స్టిరియా యను రాష్ట్రము కలదు. మూర్ నది యొడ్డున నున్న గ్రాట్స్ నగరము దానికి రాజధాని. ఆ నగరపు పెద్దవీథులలో నొకటియైన హెరెన్‌గాస్సెయందు, ప్రాచీనమైన రాష్ట్రసభా భవనమును ఆనుకొని, ఐదంతస్తుల యిల్లొకటి నిలిచియున్నది. దాని ముఖమున గూళ్లయందు రోమనుల యుద్ధదేవతలగు మార్సు, మినర్వా విగ్రహములు కానవచ్చును. వీథిన బోవువారికి అది పాతకాలపు ధనికుని గృహమువలె తోచును గాని, లోపలికి పోయి మెట్లెక్కినవారు ఒక్కక్షణము నిశ్చేష్టులగుదురు. నేలనుండి పైకప్పు వరకు కొయ్యచట్రములు; వానినిండ ఉక్కు. ఒక అంతస్తునందు వందలకొలది తుపాకులు చెరకుగడలవలె వరుసలు దీర్చియున్నవి. మరియొక దానియందు వక్షస్త్రాణములు కొక్కెములకు వ్రేలాడుచున్నవి. పై యంతస్తునందు ఖడ్గములు, బల్లెములు దట్టమైన అడవివలె నిలిచియున్నవి. ఇందలి వస్తువులు దాదాపు 32,000.

ప్రపంచమున ఆయుధములను చూపు ప్రదర్శనశాలలు పెక్కులు కలవు. వానిలో చాలవరకు రాజుల నగళ్లనుండియు, ధనికుల యిండ్లనుండియు తెచ్చిన వస్తువులను అద్దాల బీరువాలలో నుంచి చూపును. గ్రాట్స్ ఆయుధశాల అట్టిది కాదు. ఇది ఆయుధములను దాచుటకై కట్టిన కొట్టు. ఆ కొట్టే, ఆ సామగ్రితోడనే, ఇప్పుడు ప్రదర్శనశాలయైనది. యుద్ధమునకు పిలుపు వచ్చినపుడు సిపాయి ఏ కొక్కెమునుండి కవచమును తీసికొనెడివాడో, ఆ కొక్కెమునే నేటి సందర్శకుడు చూచుచున్నాడు.

ఇంత సామగ్రి ఒకచోట చేరుటకు కారణము స్టిరియా ఉన్న తావే. పదునైదవ శతాబ్ది చివరినుండి తురుష్క సామ్రాజ్యము బాల్కను దేశములను దాటి మధ్య ఐరోపావైపు వ్యాపించుచుండెను. 1529లో సుల్తాను సులేమాను వియన్నా నగరమును ముట్టడించెను. 1532లో అతని సేనలు స్టిరియా నేలమీదుగానే మరలిపోయెను. దారిలోని పల్లెలు కాలిపోయినవి. నాటికి రాజ్యమంతటికి చాలిన స్థిరసైన్యము లేదు. ఆపద వచ్చినపుడు మనుష్యులను పోగుచేసి, చేతికి ఆయుధమిచ్చి, సరిహద్దునకు పంపవలసియుండెను. స్టిరియా ప్రభువులును, మతాధికారులును, నగర ప్రతినిధులును కూడిన సభ పన్నులు వేసి, ఆ సొమ్ముతో కవచములను, తుపాకులను కొనెను. ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్ వంటి జర్మను నగరములనుండి కొన్ని వచ్చినవి. తక్కినవి స్థానికుల పనితనమే. స్టిరియా యందు ఎర్ట్స్‌బెర్గ్ అను ఇనుపరాతి కొండ కలదు. కనుక ఆ ప్రాంతపు కమ్మరులకు ఇనుమునకు కొదువ లేకుండెను.

ఈ సామగ్రి పెరిగి పెరిగి, దాచుటకు చోటు చాలక, 1642లో ఇప్పటి భవనమును కట్ట నారంభించి కొలది యేండ్లలో ముగించిరి. 1683లో తురుష్కులు రెండవసారి వియన్నాను ముట్టడించి ఓడిపోయిరి. 1699లో కార్లోవిట్స్ సంధి జరిగెను. సరిహద్దు దూరముగా జరిగిపోయెను. ఆయుధశాలకు పని తగ్గిపోయెను.

అసలు ఆపద అప్పుడు వచ్చినది. అదియు శత్రువులవలన కాదు. 1740లో సింహాసనమెక్కిన మరియా తెరీసా మహారాణి ఎనిమిది సంవత్సరములు యుద్ధము చేసి, సైలీషియా రాష్ట్రమును పోగొట్టుకొనెను. రాష్ట్రమునకొక సేన, సభకొక ఆయుధశాల యను పద్ధతివలన రాజ్యము నిలువదని ఆమె గ్రహించెను. సైన్యమంతయు ఒక్క ఆజ్ఞక్రింద నుండవలెను. ఆయుధములన్నియు ఒక్క తీరున నుండవలెను. ఆ యేర్పాటులో గ్రాట్స్ కొట్టుతో పనియేమి? 1749లో దానిని ఎత్తివేయ నిశ్చయించిరి. మహారాణి తలపునందు తప్పేమియు లేదు. నూరేండ్లనాటి వక్షస్త్రాణముతో నాటి యుద్ధములు గెలువబడవు. అట్టి కారణములచేతనే ఐరోపాయందు పలు నగరముల ఆయుధశాలలు పాత యినుము క్రింద అమ్ముడుపోయి, కొలుములలో కరగిపోయినవి.

స్టిరియా సభవారు మాత్రము ఊరకుండలేదు. ఈ ఆయుధములు యుద్ధమునకు అక్కరకు రావని వారును ఎరుగుదురు. అయినను, తమ పూర్వులు దేశమును కాపాడుటకై పడిన పాట్లకు గుర్తుగా వానిని ఉన్నచోటనే ఉండనీయుమని వారు మహారాణికి విన్నవించుకొనిరి. మహారాణి వారి మనవిని మన్నించెను. ప్రదర్శనశాల యను మాటయే జనులకు అంతగా తెలియని ఆ దినములలో, పనికిరాని వస్తువును జ్ఞాపకార్థము దాచవలెనని ఒక సభ కోరుటయు, దానికి ఒక ప్రభుత్వము ఒప్పుకొనుటయు అరుదైన సంగతులు. ఇప్పుడీ ఆయుధశాల, ఆర్చిడ్యూకు యోహాను 1811లో స్థాపించిన యోవానేయుమ్ అను సంస్థలో ఒక భాగమైయున్నది.

తక్కిన ప్రదర్శనశాలలలో మిగిలినవి ప్రాయికముగా రాజుల కవచములు. అవి అందమైనవి గనుక వారసులు వానిని దాచుకొనిరి. సామాన్య సిపాయి తొడుగును ఎవరు దాచుదురు? అది ఒకరినుండి యొకరికి మారి, అరిగి, విరిగి, మరల కొలిమికి పోయెడిది. గ్రాట్స్ నందు నిలిచినది ఆ సామాన్యుని తొడుగే. నల్లరంగు పూసి, సుత్తిదెబ్బలు కూడ నునుపు చేయక వదలిన చవుక కవచములు అక్కడ వరుసలు వరుసలుగా నున్నవి. వాని నడుమ ఇన్స్‌బ్రుక్ నగరపు ప్రసిద్ధ శిల్పి కొన్రాడ్ సొయిసెన్‌హోఫర్ కర్మశాలయందు, పదునారవ శతాబ్ది ఆరంభమున చేసినట్లు చెప్పబడు గుఱ్ఱపు కవచ మొకటి కలదు. గుఱ్ఱమునకు మెడనుండి పిఱుదుల వరకు ఉక్కు కప్పిన ఆ పనితనమును చూడగోరువారు గుంపులుగా దానిచుట్టు చేరుదురు. కాని చరిత్ర తెలియగోరువారు నల్లకవచముల వరుసకడ మరికొంతసేపు నిలుచుట మంచిది.

కవచమనగానే తెలుగువారికి కర్ణుడు స్ఫురించును. అతని కవచము శరీరముతో పుట్టినది గనుక బరువు తెలియదు. ఐరోపా వీరుని కవచము అట్లు కాదు గదా, అంత ఇనుము తొడిగికొని మనుష్యుడెట్లు కదలునని చూపరులు శంకింతురు. వీరుని గుఱ్ఱముపై కెక్కించుటకు కప్పీ త్రాళ్లు కావలసివచ్చెడివని ఒక కథ వ్యాపించినది. 1944లో వచ్చిన ‘హెన్రీ ది ఫిఫ్త్’ అను ఆంగ్ల చలనచిత్రము ఆ కథకు బలము చేకూర్చినది. అది సత్యము కాదు. యుద్ధమునకు తొడుగు పూర్తి కవచము ఇరువది మొదలు ఇరువదియైదు కిలోగ్రాముల బరువుండును. నేటి సిపాయి వీపున మోయు మూటయు కొన్నివేళల అంతకంటె బరువు. పైగా మూట బరువంతయు భుజములపై నుండును. కవచము బరువు దేహమంతట పంచుకొనబడును. ఫ్రాన్సు సేనాని బూసికో కవచము ధరించి పిల్లిమొగ్గలు వేసెడివాడనియు, నిచ్చెన అడుగువైపున చేతులతోనే ప్రాకి పైకి పోయెడివాడనియు అతని చరిత్ర చెప్పుచున్నది. వినోదమునకై జరుపు బల్లెపు పందెములలో తొడుగు కవచములు మాత్రము మిక్కిలి బరువైనవి. వానిని చూచినవారే పై కథను కల్పించియుందురు.

కీళ్లకడ ఉక్కును వంచిన నేర్పు చూడదగినది. ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ 1520లో ఫ్రాన్సు రాజు ఫ్రాన్సిసుతో జరుగబోవు వేడుక పోటీలకై ఒక కవచమును చేయించుకొనెను. అది 235 రేకుల కూర్పు. చంకలయందు, మోకాలి వెనుక, తొడల సందున కూడ సూది దూరు చోటు లేదు. ఇంతలో పోటీ నియమములు మారినవి. ఆ కవచము పనికిరాక అసంపూర్ణముగా మిగిలిపోయెను. రాజు వేరొక కవచమును తొందరలో కూర్పించుకొనవలసివచ్చెను. ఆ మిగిలిపోయిన కవచము నేడు ఇంగ్లండులోని లీడ్స్ నగరపు రాయల్ ఆర్మరీస్ అను ప్రదర్శనశాలలో నున్నది. 1960 తరువాతి యేండ్లలో వ్యోమగాములకు తొడుగులు రూపొందించు అమెరికా ఇంజనీర్లు దాని కీళ్ల కూర్పును ఆసక్తితో పరిశీలించిరి. పోటీలో తొడుగబడని కవచమునకు నాలుగు శతాబ్దుల తరువాత అట్టి గౌరవము దక్కినది.

కవచమును చూచుటకు కొంత నేర్పు కావలెను. ముందుగా ఎడమ భుజమును, కుడి భుజమును పోల్చి చూడవలెను. గుఱ్ఱపు వీరులు బల్లెములతో తలపడునపుడు ఒకరి యెడమప్రక్క మరియొకరికి ఎదురగును. అందుచేత ఎడమ రేకు పెద్దదిగాను, మందముగాను ఉండును. కుడివైపు రేకునకు బల్లెము దూర్చుకొనుటకై గండి తీసియుందురు. ఱొమ్ముపై కుడివైపున బల్లెమును ఆనించు కొక్కెముగాని, అది యుండిన రంధ్రములుగాని కనబడును. తరువాత ముద్రలను వెదుకవలెను. ఆగ్స్‌బర్గ్ కవచములపై దేవదారు కాయ ముద్ర యుండును. అది నగరపు పరీక్షకులు పనితనమును చూచి వేసినది. దాని ప్రక్కన కమ్మరి సొంత ముద్ర యుండవచ్చును. తుపాకులు ప్రబలిన పిమ్మట చేసిన వక్షస్త్రాణములపై ఒక చిన్న గుంట తరచుగా కనబడును. అది యుద్ధమున తగిలిన గుండు అని చూపరులు ఊహించి, ఆ సిపాయి బ్రదికెనా, చచ్చెనా యని విచారింతురు. నిజమునకు చాలవాటిపై నున్నది, అమ్మకమునకు ముందు కర్మశాలలో తుపాకి కాల్చి పరీక్షించిన గుర్తు. గుండు లోనికి పోలేదని కొనువానికి నమ్మకము కలుగుటకై ఆ గుంటను చెరిపివేయక అట్లే ఉంచెడివారు.

ఇక వెనుకవైపు. సందర్శకులలో పదింట తొమ్మండుగురు కవచమును ముందునుండి మాత్రమే చూచి పోవుదురు. తిరిగి వెనుకకు పోయిన వానికి తోలుపట్టెలు, కట్లు, మేకులు, మరమ్మతుల అతుకులు కనబడును. పాత మేకు నడుమ క్రొత్త మేకు, పాత రేకు నడుమ వేరు రంగు రేకు కనబడినచో అది రెండు మూడు కవచములను కలిపి కూర్చినదని అనుమానింపవచ్చును. ఈ అనుమానము వట్టిది కాదు. పంతొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండు ధనికులకు పాత కవచములపై వ్యామోహము పుట్టెను. 1839లో స్కాట్లండులోని ఎగ్లింటన్ కోటకడ కవచములు తొడిగి మధ్యయుగపు పోటీల నాటకమొకటి జరిపించిరి; పెద్దవాన కురిసి అందరు తడిసిపోయిరి. దానికి కవచములు సమకూర్చిన లండను వర్తకుడు శామ్యూల్ ప్రాట్ క్రొత్తగా చేయించిన శిరస్త్రాణములను పాతవని చెప్పి అమ్మినట్లు తరువాత తేలినది. లండను కోటలో అంతకు పూర్వమే వేరొక విధమైన పొరపాటు నడచినది. అక్కడ కొయ్యగుఱ్ఱములపై రాజుల బొమ్మలను నిలిపి, పేరొక రాజుది, కవచమొక కాలపుదిగా తొడిగించిరి. 1087లో మరణించిన విజేతయగు విలియమునకు కూడ, అతని తరువాత శతాబ్దులకు పుట్టిన రేకుకవచము దొరకెను! 1826 ప్రాంతమున శామ్యూల్ మేరిక్ అను పండితుడు ఆ తప్పులను చాలవరకు దిద్దెను.

అసలుకును నకిలీకిని భేదము కనిపెట్టుటకు వేలకొలది కవచములను పోల్చి చూడవలెను. న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో 1912లో ఆయుధశాఖ ఏర్పడినపుడు దానికి మొదటి అధికారియైన బాష్‌ఫర్డ్ డీన్ నిజమునకు చేపల శాస్త్రజ్ఞుడు. ఒంటిపై ఎముకరేకులు కప్పుకొని యుండిన ప్రాచీన మత్స్యములను శోధించిన కన్నే ఉక్కురేకులను కూడ శోధించినది!

పోల్చి చూచుటకు ఛాయాచిత్రము మిక్కిలి ఉపకరించును. ఒకే కవచపు ముక్కలు కాలక్రమమున విడిపోయి, చేతితొడుగు ఒక దేశమునకును, ఱొమ్మురేకు మరియొక దేశమునకును చేరుట కలదు. రేకులపై ఆమ్లముతో చెక్కిన లతల చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచియే పండితులు వానిని ఒకదాని ముక్కలుగా గుర్తించుచున్నారు. కనుక ప్రదర్శనశాలలో చిత్రము తీయువాడు అందమునొక్క దానినే చూచిన చాలదు. ముందొకటి, వెనుకొకటి, ప్రక్కనుండి ఒకటి, ముద్రకు దగ్గరగా నొకటి తీసి, చివర అక్కడి వివరణ ఫలకమును కూడ తీయవలెను. ఫలకము తీయనివాడు ఇంటికి పోయిన పిమ్మట ఏ చిత్రము దేనిదో తెలియక చింతించును.

మెరుగు పెట్టిన ఉక్కు కెమేరాకు లొంగదు. అది అద్దమువంటిది. ఎఱ్ఱచొక్కా తొడిగినవాడు తీసిన చిత్రములో వక్షస్త్రాణమంతయు ఎఱ్ఱనగును. నడుమ తీసినవాని ముఖము కూడ కనబడును. అందుచేత అనుభవజ్ఞులు నల్లని దుస్తులు ధరించి పోవుదురు. కవచమునకు ముందు బీరువా అద్దము కూడ ఉన్నచో చిక్కు ఇనుమడించును. లెన్సును అద్దమునకు దాదాపు తాకించునట్లుంచి, చుట్టు చేతితోగాని, మెత్తని రబ్బరు తొడుగుతోగాని మరుగుచేసినచో వెలుపలి వెలుతురు చొరదు. కాంతిని వడగట్టు పోలరాయిడ్ పలక అద్దముమీది మెరపును తగ్గించును గాని, లోహము మీది మెరపును తగ్గింపజాలదు. దానికి చోటు మార్చుటయే మార్గము. రెండడుగులు ప్రక్కకు జరిగినంతనే తెల్లని మచ్చ తొలగిపోయి, వాలుగా పడు వెలుతురులో కన్నులకు కానరాని సుత్తిదెబ్బల జాడలు, చెక్కడపు గీతలు లేచివచ్చును.

ఫ్లాష్ దీపమును చాల ప్రదర్శనశాలలు నిషేధించినవి. వెలుతురు ఉక్కును పాడుచేయదు. కాని కవచముతో కూడ తోలుపట్టెలు, గుడ్డ అస్తరులు, రంగులు పూసిన డాళ్లు ఉండును. అవి వెలుతురునకు నానాటికి వెలిసి క్షీణించును. అదియుగాక ఫ్లాష్ వేసి తీసిన ఉక్కు, నల్లని నేలపై ఒక తెల్లని మచ్చగా తప్ప మరేమియు కనబడదు. ముక్కాలి స్టాండును కూడ తరచుగా అనుమతింపరు. ఇరుకైన దారులలో దానికి తగిలి పడువారుందురు. నియమములు చోటుచోటునకు వేరు. కనుక ద్వారముకడనే అడిగి తెలిసికొనుట మేలు.

ముట్టుట మాత్రము ఎక్కడను కూడదు. గ్రాట్స్ వంటి చోట అద్దము అడ్డము లేక కవచము చేతికందు దూరమున నున్నపుడు ఒక్కసారి తాకి చూడవలెనని ఎవరికైనను తోచును. చెమటయందు ఉప్పు కలదు. వ్రేలు తాకినచోట ఆ ఉప్పు నిలిచి, కొన్నాళ్లకు వ్రేలిముద్ర ఆకారముననే త్రుప్పు పుట్టును. ఆ త్రుప్పు రేకులోనికి తినివేసినచో దానిని గీకక తప్పదు. గీకిన పిమ్మట చెక్కడము పోవును. అందుచేతనే అక్కడి పనివారు చేతితొడుగులు లేక కవచమును పట్టరు. తుడిచిన పిమ్మట పలుచగా మైనము పూయుదురు. పూర్వకాలపు కావలివారు ఇట్టి జాగ్రత్త లెరుగరు. ఉక్కు తళతళలాడవలెనని ఏటేట ఇసుకతోను, ఇటుకపొడితోను తోమిరి. నేడు వెండివలె మెరయు కవచములు కొన్ని మొదట నీలిరంగునను, బంగారు పూతతోను ఉండినవి. రేకుల సందులలో, మేకుల తలల క్రింద మిగిలిన చిన్న నీలిపొర వలననే ఆ సంగతి తెలియుచున్నది. నిశితముగా తీసిన ఛాయాచిత్రములలో అట్టి పొరలు బయటపడిన సందర్భములును కలవు.

ఐరోపా ఉక్కు తెలుగునేలకు కూడ కొత్తది కాదు. పదునారవ, పదునేడవ శతాబ్దులలో జర్మనీ, ఇటలీ, స్పెయిను దేశములనుండి ఓడలలో వచ్చిన కత్తి అలుగులను దక్కను పనివారు కొని, వానికి దేశీయమైన పిడులు తొడిగిరి. పొడవుగా, తిన్నగా నుండు ఆ కత్తులకు ‘ఫిరంగీ’ యని పేరు. ఫ్రాంకుల దేశమునుండి వచ్చినదని దానికర్థము. తెలుగున పెద్దతుపాకికి ‘ఫిరంగి’ యను పేరును అట్లే వచ్చినది. అట్టి కత్తి పిడిమీద అరచేతిని కప్పు రేకు, వెనుక ముల్లు, లోపల మెత్త — ఇవి యిక్కడివి. అలుగును పరికించినచో దాని నడిమి గాడిలో జర్మనీలోని సోలింగెన్ కమ్మరులు వేయు పరుగెత్తు తోడేలు గుర్తు ఒక్కొక్కప్పుడు కనబడును. ఆ గుర్తు మొదట పస్సావు నగరపు కమ్మరులది. దానికి పేరు వచ్చుటచే సోలింగెను వారును దానిని వేయ సాగిరి. నాలుగైదు గీతలతో గీసిన ఆ తోడేలు, తోడేలని చెప్పినగాని పోల్చుకొనుటకు వీలులేనంత మోటుగా నుండును. పిడివైపు దీపమున్న బీరువాలో అది చీకటిలోనే పడియుండును. చూడగోరువారు కొంచెము వంగి, కత్తి కొనవైపునుండి వెలుతురు వాలుగా పడునట్లు నిలిచి వెదుకవలెను.